దేశమ్మ పాలలో నీళ్ళు ఎక్కడివి?

2023 డిసెంబరు. తిరుపతిలో తిరుచానూరు రోడ్డు మీద ఒక ట్యూషన్ సెంటరు మేడ గది. ఆదివారం పొద్దున ఆ గదిలో ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బ్లాక్ బోర్డు, నేను. ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. వారమంతా పరీక్షల కోసం చదివే పిల్లలకు పాఠాలు చెబుతాను. ఆదివారం మాత్రం పరీక్షలతో పని లేని పెద్దవాళ్ళు వచ్చి ఏది అడిగితే దానికి జవాబు వెతుకుతాను. ఫీజు లేదు. నియమం ఒకటే ఉంది. ‘ఇది కూడా తెలీదా?’ అనే మాట ఆ గదిలో ఎవరూ అనకూడదు. అన్నవాళ్ళు ఆ రోజు అందరికీ టీ తెప్పించాలి.

ఎలాంటి ప్రశ్నలు వస్తాయని చాలామంది అడుగుతారు. తిరుచానూరులో పూలమ్మే ఒకావిడ అడిగింది: మల్లెల మీద తడిగుడ్డ కప్పితే మామూలు రోజున తాజాగా ఉంటాయి, ముసురు పట్టిన రోజున అదే గుడ్డ కింద మగ్గిపోతాయి, ఎందుకు? ఆటో నడిపే గురవయ్య అడిగాడు: మిట్టమధ్యాహ్నం గాలి కొట్టిస్తే తెల్లారేసరికి టైరు కాస్త మెత్తబడుతుంది, పంచరు లేదు, మరి గాలి ఎటు పోయింది? లాడ్జి వాచ్‌మన్ ఒకాయనకు లిఫ్టు దిగేటప్పుడు కడుపులో ఎందుకు ఖాళీగా అనిపిస్తుందో తెలియాలి. ఇవన్నీ మా సిలబస్‌లో ఉన్నవే. కాకపోతే సిలబస్‌లో మల్లెపూలు కనిపించవు, గురవయ్య ఆటో కనిపించదు.

మా డిపార్ట్‌మెంటు హెడ్డుకు ఈ వ్యవహారం గిట్టదు. ‘మేడం, మీరు సైన్సును సంత చేసేశారు’ అన్నారొకసారి, స్టాఫ్ రూములో అందరూ వినేలా. ‘సంతకు జనం వస్తారు సార్, మన సెమినార్లకు రారు’ అన్నాను. ఆ తర్వాత ఆయన నాతో కలిసి టీ తాగడం మానేశారు. నాకేం నష్టం లేదు, ఆయన టీలో చక్కెర మరీ ఎక్కువ.

ఆ డిసెంబరులో ఒక ఆదివారం నలభై అయిదేళ్ళ మనిషి ఒకామె వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. ముతక చీర, భుజం చుట్టూ తువ్వాలు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. తన వంతు రాగానే లేచి నిలబడింది.

“మ్యాడం, నీళ్ళు కలపకుండానే పాలల్లోకి నీళ్ళు యాడనుంచి వస్తాయి?”

గురవయ్య పగలబడి నవ్వాడు. “ఆ మాట మా యింటికి పాలుబోసే ఆయన్ని అడగాలక్కా!” అన్నాడు. గదంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

“నవ్వండప్పా. మా వూర్లో గూడా నవ్వతానే ఉండారు. నా పేరు దేశమ్మ. ఇప్పుడు నన్ను నీళ్ళ దేశమ్మ అంటా ఉండారు.”

నవ్వు ఆగిపోయింది. ఆమె సంగతి మొత్తం చెప్పింది. వాళ్ళది వడమాలపేట దాటాక పుత్తూరు వైపు లోపలికి ఉండే ఒక పల్లె. రెండు సీమావులు, అంటే జెర్సీలాంటి సంకరజాతి ఆవులు. రోజూ పొద్దున పాలు పిండి ఊళ్ళోనే ఉన్న పాల సెంటరులో పోస్తుంది. సెంటరు నడిపే ఏజెంటు మునిరత్నం ప్రతి ఒక్కరి పాలలోనూ లాక్టోమీటర్ ముంచి చూస్తాడు. లాక్టోమీటర్ అంటే అడుగున బరువు ఉన్న గాజు గొట్టం. చిక్కటి పాలలో పైకి తేలుతుంది, పలచటి పాలలో లోపలికి మునుగుతుంది. ఎంత మునిగితే అంత తక్కువ నంబరు చూపిస్తుంది. ఆవు పాలకు ఇరవై ఆరు దాటాలని ఆ సెంటరు లెక్క. దేశమ్మ పాలు రోజూ ఇరవై నాలుగో, ఇరవై అయిదో. ఈ వారంలో సరిగ్గా రాకపోతే సోమవారం నుంచి ఆమె క్యాను గడప తొక్కనియ్యనని మునిరత్నం అందరిముందూ చెప్పేశాడు.

“ఈడ పోయించుకోకపోతే ఇంకో డెయిరీకి పోస్తా మ్యాడం. ఆవులుండాయి, చేతులుండాయి. అయితే ఈ పేరును ఇంకో డెయిరీ తీసేస్తాదా? మా పాపకు సంబంధం చూసేదానికి వచ్చినోళ్ళు గూడా బస్టాండులో ‘నీళ్ళ దేశమ్మ ఇల్లు యాడ’ అని అడిగి వచ్చినారు.”

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లు తాగినట్టే లెక్కగట్టే లోకం మనది. ఈమె పాలనే అమ్ముకుంటూ ఆ మాట పడుతోంది. నాకు ఒళ్ళు మండింది. అయినా ఫిజిక్స్ చెప్పేవాళ్ళు ఒళ్ళు మండిన వెంటనే తీర్పు చెప్పకూడదు. ముందు ప్రశ్నలు అడగాలి.

“ఎప్పటినుంచి ఇట్లా వస్తోందక్కా?”

“సెంటరును మా యింటి పక్కకు మార్చినప్పటినుంచి. ముందు రోడ్డు మీద ఉండె. క్యాను నెత్తిన పెట్టుకొని పోయేసరికి వరసలో ఆఖరు అయ్యేదాన్ని. అప్పుడంతా ఇరవై ఎనిమిదే. ఇప్పుడు మా కొట్టం గోడ, సెంటరు గోడ ఒకటే. పక్కకొచ్చేసరికి నాకు ధైర్యం వచ్చి నీళ్ళు కలపతా ఉండానని అందురి మాట.”

“ఇప్పుడు వరసలో ఎన్నో దానివి?”

“మొదటి మనిషిని నేనే. ఈ మాట పడినప్పటినుంచి ఇంకా బిరబిరా పోతా ఉండా. పిండిన సెంబు పిండినట్టే, నురుగు గూడా అణగకముందే ఎత్తుకపోతా. నడాన నీళ్ళు కలిపేదానికి టయం యాడుండాది అని అందురూ సూడాల గదా!”

అక్కడ నాకు సంగతి తట్టింది. ఆమె తన నిజాయితీ చూపించుకోవడానికి ఎంత తొందరపడితే గాజు గొట్టం అంత లోతుకు మునుగుతోంది. పొదుగులో పాలు ఒంటి వేడితో ఉంటాయి. వేడికి ఏ ద్రవమైనా కాస్త వ్యాకోచిస్తుంది, అంటే అదే బరువు కాస్త ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చోటుకు తగ్గ బరువును మేము డెన్సిటీ అంటాం. వేడి పాలకు డెన్సిటీ తక్కువ. దానికి తోడు అప్పుడే పిండిన పాలలో సన్నటి గాలి బుడగలు నిండి ఉంటాయి. దూరం నుంచి వచ్చి, చలిలో నిలబడి, వరసలో ఆగిన వాళ్ళ పాలు ఈలోగా చల్లారిపోతాయి. సెంటరుకు అందరికంటే దగ్గర ఇల్లు దేశమ్మది, అందరికంటే చెడ్డ నంబరూ దేశమ్మదే.

బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని తల ఊపింది.

“నాకు అర్థమయింది మ్యాడం. నాకు అర్థమయితే ఏం లాభం? మునిరత్నమన్నకు అర్థం కావాల. మీరు వచ్చి ఆ మాట ఆడ చెప్పండి.”

వెళ్ళాలనే నిర్ణయించుకున్నాను. ల్యాబులో ఉన్న థర్మామీటర్ ఒక రోజుకు ఇమ్మని అడిగితే హెడ్డు ఒప్పుకోలేదు. “పాలూ పెరుగూ డెయిరీ సైన్సు మేడం. మన ల్యాబు సామాను అలాంటివాటికి బయటికి పోదు” అన్నారు. ఆవు డిపార్ట్‌మెంటు చూసి పాలివ్వదని చెబుదామనుకున్నాను గానీ ఊరుకున్నాను. సైంటిఫిక్ సామాను అమ్మే షాపులో నా సొంతానికి ఒక మంచి థర్మామీటర్ కొనుక్కున్నాను. శనివారం కాలేజీకి సెలవు పెట్టాను. నవ్విన పాపం కడుక్కుంటానని గురవయ్య తన ఆటోలో తీసుకువెళ్ళాడు.

మేము చేరేసరికి బాగా తెల్లవారింది. మంచు ఇంకా విడవలేదు. సెంటరు ముందు స్టీలు క్యాన్లతో పదిపదిహేను మంది ఉన్నారు. మునిరత్నం మంకీ క్యాప్ పెట్టుకుని బల్ల వెనక కూర్చున్నాడు. చెడ్డ మనిషి కాదు, ఆ మాట చెప్పాలి. పాలు పలచగా వచ్చాయని పైనుంచి డెయిరీ వాళ్ళు మొదట పట్టుకునేది ఆయననే. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను.

“మేడం, మీరు చదువుకున్నోళ్ళు. కళ్ళకు కనపడేదాన్ని కాదంటే ఎట్ల? మనిషి అబద్ధం చెప్తాది, గాజు గొట్టం చెప్తాదా?” అన్నాడు.

“గొట్టం అబద్ధం చెప్పదన్నా. అది అడిగినదానికే జవాబు చెబుతుంది. థర్మామీటర్ ఎక్కడుంది?”

“అది ఎప్పుడో పగిలిపాయ. దాంతో ఏం పని? పాలకేమన్నా జొరం వచ్చిందా?”

వరస మొత్తం గొల్లుమంది. నేను లాక్టోమీటర్ అడిగి తీసుకుని, వెలుతురుకు పట్టుకుని, కాడ మీద సన్నగా రాసి ఉన్న అక్షరాలు ఆయనకు చూపించాను. ఇరవై ఏడు డిగ్రీల వేడికి ఈ గీతలు గీశామని తయారుచేసినవాళ్ళే దాని మీద రాశారు. అంతకంటే వేడిగా ఉంటే నంబరుకు కొంత కలపాలి, చల్లగా ఉంటే కొంత తీసెయ్యాలి. దీన్ని కరెక్షన్ అంటారు. ఆయన ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు. రోజూ చేతిలో పట్టుకునే వస్తువు మీద ఏదో రాసి ఉందని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

“రాసిండేది సరే. ఈయమ్మ నీళ్ళు కలపలేదని ఎవురు చెప్పాల?”

“మీరే చెప్పండి. మీ ముందర పిండుతుంది. చెంబు మీరే కడిగి, మీరే తుడిచి ఇయ్యండి.”

అలాగే జరిగింది. మేము వస్తున్నామని దేశమ్మ ఆ పొద్దు ఇంకా ఆవులను పిండలేదు. మునిరత్నం చెంబు కడిగి, తన కండువాతో తుడిచి, బోర్లించి చూపించాడు. అందరూ కొట్టంలోకి వచ్చారు. దేశమ్మ పొదుగు కడిగి, పొడి గుడ్డతో తుడిచి పిండింది. నురుగుతో నిండిన చెంబును మునిరత్నమే అందుకుని సెంటరుకు తెచ్చి, గొట్టంలాంటి పాత్రలో పోసి లాక్టోమీటర్ వదిలాడు. అది బుడుంగున మునిగి, లేచి, నిలబడింది. ఇరవై అయిదుకు కాస్త కింద.

కళ్ళముందు పిండిన పాలు. అక్కడికైనా అనుమానం తీరాలి కదా? దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. “ఆవుకే ఉప్పు పెట్టి కడుపునిండా నీళ్ళు తాగిచ్చింటాది!” అని వెనకనుంచి ఒక ముసలామె అంది. నలుగురు అవునన్నారు. దేశమ్మ ముఖం నల్లబడింది. ఆవు తాగిన నీళ్ళు తాగినట్టే పాలలోకి రావని చెప్పాను, ఎవరూ వినలేదు. ఇంక మాటలతో పని కాదని నాకు అర్థమైంది.

థర్మామీటర్ ముంచి మునిరత్నం చేతికిచ్చాను. “ముప్పై అయిదు” అని పైకి చదివాడు. అవే పాలను ఒక గిన్నెలో పోయించి, మూత పెట్టించి, రాత్రంతా చలికి ఉన్న తొట్టి నీళ్ళలో దింపించాను. “నేను ముట్టను, ఆమె ముట్టదు. మీరే పక్కన కూర్చోండి” అన్నాను. ఆయన నిజంగానే స్టూలు తెచ్చుకుని తొట్టి పక్కన కూర్చున్నాడు. మిగతా వాళ్ళ పాలు కొలిచే పని తన తమ్ముడికి అప్పగించాడు. పాలు పోసినవాళ్ళు ఇంటికి పోలేదు. క్యాన్లు చేతుల్లో పట్టుకుని అక్కడే నిలబడ్డారు. దేశమ్మ మాత్రం కొట్టంలోకి వెళ్ళి పేడ ఎత్తుకుంటోంది. “రా అక్కా, చూద్దువు” అంటే, “నా పాల సంగతి నాకు తెల్సు మ్యాడం. సూడాల్సింది వాళ్ళు” అంది.

గంటకు పైగా గడిచాక నురుగు పూర్తిగా అణిగింది. మునిరత్నం థర్మామీటర్ పెట్టి ఇరవై ఏడు అన్నాడు. పాలు కలియతిప్పి లాక్టోమీటర్ వదిలాడు. వంగి చూశాడు. మంకీ క్యాప్ తీసేసి మళ్ళీ వంగి చూశాడు.

“ఇరవై ఎనిమిది.”

“ఆయమ్మ ఏమన్నా పొడి కలిపిందేమో సూడబ్బా!” అన్నారెవరో నా వైపు చూస్తూ. మునిరత్నం గయ్యిమన్నాడు. “ఏందప్పా కలిపేది? నేనీడ గుడ్లప్పగించుకొని కూర్చుంటి గదా!”

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. థర్మామీటర్ తుడిచి సంచిలో పెట్టుకుంటున్నాను. అప్పుడు దేశమ్మ చేతులు కడుక్కుని వచ్చింది.

“మునిరత్నమన్నా, మీ యింటి పాలు తియ్యి.”

“నా పాలు ఎందుకు?”

“మీ పాలు ఈ పొద్దు ఎంత?”

“ఇరవై ఎనిమిది. తమ్ముడు సూసినాడు గదా.”

“వాటిని నా పాలంత వెచ్చగా చెయ్యి. చేసి మళ్ళా ఆ గొట్టం వదులు.”

ఈ ఆలోచన నాకు రాలేదు. నేను ఆమె పాలు మంచివని చూపించి సరిపెట్టుకున్నాను. ఆమెకు అది చాలలేదు. మునిరత్నం తమ్ముడు వేణ్ణీళ్ళు తెచ్చాడు. మునిరత్నం పాలగిన్నెను అందులో పెట్టి ముప్పై అయిదు వచ్చేదాకా తిప్పారు. లాక్టోమీటర్ వదిలారు. గొట్టం మునిగి, ఇరవై ఆరు గీత కిందికి పోయి నిలబడింది. ఏజెంటు ఇంటి పాలు, ఏజెంటు చేతిమీదుగా, నీళ్ళ పాలయ్యాయి. ఇందాక ఉప్పు సంగతి చెప్పిన ముసలామె ఇకిలించి, “అయితే ఇంక నీళ్ళ మునిరత్నం అనాల” అంది. జనం నవ్వబోయారు.

“వద్దవ్వా” అంది దేశమ్మ. గొంతు పెంచలేదు. “ఆ పేరు ఎవురికీ పెట్టొద్దు. అది పెట్టుకొని వీధిలో నడిస్తే ఎట్లుంటాదో నాకు తెల్సు.”

మునిరత్నం తలవంచుకుని లాక్టోమీటర్ తుడిచాడు. మంచిగానే చెప్పాడు, “సరే దేశమ్మా, తప్పైపాయ. రేపటినుంచి నువ్వు ఆఖర్న రా. ఆలోగా పాలు చల్లారిపోతాయి. నీకూ ఇబ్బంది లేదు, నాకూ లేదు.”

అందరికీ న్యాయంగానే తోచింది. నాకు కూడా, నిజం చెప్పాలంటే, బాగానే ఉందనిపించింది. దేశమ్మకు తోచలేదు.

“నేనెందుకు ఆఖర్న రావాల? పాలు వెచ్చగా ఉండేది నా తప్పా? ఆవు అట్లనే ఇస్తాది. నురుగు అణిగేదాకా ఉండమంటే ఉంటా, అది న్యాయం. ఆఖర్న మాత్రం రాను. పగిలిపోయిన థర్మామీటరు నువ్వు తెప్పించు. రేపు నేనే ముందర వస్తా, నా పాలు వెచ్చగానే తెస్తా, నువ్వు సరిగ్గా కొలు.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె చీర కొంగుకు ఇంకా పేడ మరక ఉంది. నాకు ఆమెకు దండం పెట్టాలనిపించింది. దానికి బదులు సంచిలోంచి నా థర్మామీటర్ తీసి బల్ల మీద పెట్టాను. “కొత్తది వచ్చేదాకా ఇది ఇక్కడ ఉండనీ అన్నా” అన్నాను. ఎన్ని డిగ్రీలకు ఎంత కలపాలో పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించాను. మునిరత్నం కాదనలేదు. సోమవారం పొద్దున మొదటి క్యాను దేశమ్మదేనని, వేడి చూసి లెక్కగట్టి ఇరవై ఏడున్నర అన్నాడని గురవయ్య కనుక్కుని వచ్చి చెప్పాడు.

కాలేజీలో ఈ సంగతి హెడ్డు దాకా పోయింది. “ఇందులో కొత్త ఫిజిక్స్ ఏముంది మేడం?” అన్నారు. “ఏమీ లేదు సార్. అంతా పాతదే. హైస్కూలు పుస్తకంలో ఉన్నదే. అందుకే నాకు కోపం” అన్నాను. నిజం నిలకడ మీద తెలుస్తుందని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. నిలబడి చూసేవాళ్ళకు ఏం, బాగానే ఉంటుంది. అది తెలిసేలోగా మాటలు పడేది ఇంకొకరు. పదో తరగతి దాటిన ప్రతివాడూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ఒక్క వాక్యం, వేడికి ద్రవాలు వ్యాకోచిస్తాయన్నది, ఆ ఊళ్ళో ఒక్కరికి సమయానికి గుర్తొచ్చి ఉంటే ఒక మనిషికి ఆ పేరు వచ్చేది కాదు. కొలత తప్పినప్పుడు సరిచెయ్యాల్సింది కొలతను. మనిషిని వరస చివర నిలబెట్టి సర్దుకొమ్మనడం న్యాయం కాదని నాకు దేశమ్మే నేర్పింది. ఆ రోజు ఆమె గనక ఒప్పుకుని ఉంటే నేనూ ఒప్పుకుని ఆటో ఎక్కేసేదాన్ని.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక ఆదివారం ఆమె మళ్ళీ మేడ గదికి వచ్చింది. ఈసారి ముందు కుర్చీలో కూర్చుంది. మళ్ళీ ఏం ముంచుకొచ్చిందోనని నాకు కంగారు పుట్టింది.

“మ్యాడం, కాంచేటప్పుడు పాలు పొంగి పొయిలో పడతాయి. నీళ్ళు ఎంత మరిగినా అట్ల పొంగవు. ఎందుకు?”

“దీనివల్ల ఏమైనా ఇబ్బంది వచ్చిందా అక్కా?”

“ఏ ఇబ్బందీ లేదు. ఊరికే అడిగినా. అడగగూడదా?”

ఈ పనిలో నా కొలత ఏమిటో అప్పుడు తెలిసింది. నెత్తిన నేరం పడితే ఎవరైనా పరుగెత్తుకొచ్చి అడుగుతారు. ఏ నేరమూ లేని రోజున, ఊరికే తెలుసుకోవాలని బస్సెక్కి వచ్చి అడిగే మనిషి ఒక్కరున్నా చాలు, ఈ గదికి తాళం వెయ్యమని ఎవరు చెప్పినా నేను వినను. బోర్డు తుడిచి పాలగిన్నె బొమ్మ వేశాను. “అడగాలక్కా” అన్నాను.